అర్జీ పరిష్కారమైంది, పాప గుండెలో రంధ్రం అలాగే ఉంది

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. టీకాకు వచ్చిన పిల్లల గుండె ఒక్కసారి వినమని నేను పెట్టుకున్న మూడో అర్జీ కూడా ‘పరిష్కారమైంది’ అని పోయిన వారం ఫోనుకు సందేశం వచ్చింది. సంతోషం. ఈ కబురు మా పాప గుండెకు ఇంకా అందినట్టు లేదు. కింది గదుల మధ్య గోడలో ఉన్న రంధ్రం ఎప్పటిలాగే ఉంది.

ఇది ఆపరేషన్ డబ్బు కోసం రాస్తున్న ఉత్తరం కాదు. ఉచితంగా ఆపరేషన్ చేయించే వైద్య సేవ కార్డు వాడుకోవాలన్నా ముందు జబ్బు ఉందని ఎవరో ఒకరు చెప్పాలి కదా! మాకు పద్నాలుగో నెల దాకా ఎవరూ చెప్పలేదు.

పాప రెండు గుక్కలు తాగి ఆగేది, ఆయాసపడేది, మళ్ళీ రెండు గుక్కలు తాగేది. ఫ్యాను కింద కూర్చున్నా దాని నుదుటి చెమటకు నా జాకెట్టు చెయ్యి తడిసిపోయేది. గంట గడిచినా కడుపు నిండేది కాదు. అత్తగారు దిష్టి తీశారు. డాక్టర్లు పాలు చాలడం లేదన్నారు. నిమ్ము అని మూడుసార్లు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మాటిమాటికీ నిమ్ము ఎందుకు వస్తోందని మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. అంగన్‌వాడీ కార్డులో బరువు గీత పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి నారింజకు దిగితే టీచరమ్మ ఇంకో బాలామృతం పొట్లం చేతిలో పెట్టింది. పాపం, ఆమె చేయగలిగింది అదే.

పుట్టిన రోజున గుండె చప్పుడు బాగానే ఉందని రాశారు. దాన్ని తప్పుపట్టను. అప్పుడు ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఎంత పెద్ద రంధ్రమైనా చప్పుడు చేయదట. కొన్ని వారాలకు ఒత్తిడి తగ్గాకే అది వినిపిస్తుందట. సరిగ్గా ఆ రోజుల్లోనే మీ శాఖ మమ్మల్ని మూడుసార్లు పిలిచింది, 6, 10, 14 వారాల టీకాలకు. మూడుసార్లూ వెళ్ళాను. సూది వేశారు, జ్వరం మందు ఇచ్చారు, కార్డులో తేదీ వేశారు. స్టెతస్కోపు పక్క గదిలో డాక్టరుగారి మెడలోనే ఉండిపోయింది.

పిల్లలను పరీక్షించడానికి అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావలసిన బాల స్వాస్థ్య బృందం ఒకసారి వచ్చింది. పాప నిద్రపోతోంది, లేపమంటారా అని అడిగాను. వద్దన్నారు. పుట్టుకతో గుండె జబ్బు అన్న గడిలో ‘లేదు’ అని టిక్కు పెట్టి వెళ్ళారు. లేపి ఉంటే ఏడ్చేదేమో, అంతే కదా!

చివరికి జ్వరానికని వెళితే ఒక ముసలి డాక్టరుగారు పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, చాలాసేపు తీయలేదు. ఎకో, అంటే గుండె స్కానింగు, తీయించమన్నారు. మా జిల్లా ఆసుపత్రిలో ఎకో యంత్రం ఉంది, ఛాతీ మీద ఆనించి చూసే ప్రోబ్ పిల్లలకు సరిపోయేది లేదు. తిరుపతిలో పిల్లల గుండె ఆసుపత్రి 2021లో తెరిచారు, మంచిదే. అక్కడికి వెళ్ళమని చెప్పేవారు మా ఊళ్ళో ఉంటేనే కదా మాకు దారి తెలిసేది!

ఇప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోయిందట. అవి గట్టిపడిపోయాయో లేదో తెలియాలంటే రక్తనాళం గుండా గుండెలోకి సన్నని గొట్టం పంపి చూడాలి. గట్టిపడి ఉంటే రంధ్రం మూయడానికి వీలుండదు. ‘ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే బాగుండేదమ్మా’ అన్నారు తిరుపతి డాక్టరుగారు. తెచ్చానండీ. ఆరో వారం నుంచీ తెస్తూనే ఉన్నాను.

వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మంది ఏదో ఒక గుండె జబ్బుతో పుడతారట. ఒళ్ళు నీలం తిరిగే పిల్లల్లో చాలామందిని పుట్టిన మర్నాడే కుడిచేతికి, కాలికి ఆక్సిజన్ సెన్సారు పెట్టి పట్టుకోవచ్చట. కేరళలో 2017 నుంచి ‘హృద్యం’ పేరుతో ఇలాంటి పిల్లలను నమోదు చేసుకుని ఆపరేషన్ దాకా తామే చూసుకుంటున్నారు. మన దగ్గర కూడా ఏదైనా చేయండి. కనీసం టీకా రోజున ఒక్క నిమిషం పిల్లల గుండె వినమనండి. మొదటి అర్జీలో ఇదే అడిగాను, రెండోదానిలోనూ ఇదే. ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అన్నారు. ఆ విభాగం ఎక్కడుందో చెబితే పాపను ఎత్తుకుని నేనే వెళ్తాను.

టీకా కార్డు, బరువు కార్డు, ‘లేదు’ అని టిక్కు పెట్టిన కాగితం నకళ్ళు జత చేస్తున్నాను. వచ్చే నెల మళ్ళీ టీకా ఉంది.

ఇట్లు,
ఒక తల్లి