రోడ్డు వాళ్ళబ్బ సొమ్మా అన్నావు కదా నాయనా

షార్జా,
ఆదివారం రాత్రి

నాయనకు నమస్కారాలు.

నేను బాగున్నా. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? మా పక్క రూములోని పులివెందుల పిల్లోడు బుధవారం ఊరికొస్తున్నాడు. ఈ జాబు, రెండు కిలోల ఖర్జూరం, అమ్మకు నొప్పుల నూనె అతని చేతికిస్తున్నా. పనంటావా, అదే ఆఫీసు, అవే లెక్కలు. జీతం టయానికి పడుతోంది.

మొన్న ఫోన్లో టోల్ మాట నోరు జారాను. "డబ్బు కట్టి రోడ్డు మీద పోయేదేందిరా, రోడ్డు వాళ్ళబ్బ సొమ్మా?" అని ఫోన్ అమ్మకిచ్చేశావు. పాత కారు కొని దుబారా చేస్తున్నాననుకున్నావేమో. అందుకే లెక్క రాస్తున్నా.

దుబాయ్‌లో టోల్‌ను సాలిక్ అంటారు. మన చాగలమర్రి టోల్‌గేటు మాదిరి గదులు, అడ్డకర్రలు ఉండవు. రోడ్డుకు పైన ఒక కమాను, కారు అద్దానికి చిన్న స్టిక్కర్, అంతే. ఆపకుండా పోతుంటే ఖాతాలో డబ్బు కోసుకుంటుంది. 2007లో పెట్టినప్పుడు గేటుకు 4 దిర్హాములు. 2025 జనవరి ఆఖర్లో మార్చారు. పనిరోజుల్లో పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8 దాకా 6 దిర్హాములు. మిగతా వేళ 4. రాత్రి ఒంటిగంట నుంచి 6 దాకా ఊరికే. షార్జా నుంచి దుబాయ్ కరామాలో ఉన్న ఆఫీసుకు పోవాలంటే నాకు మమ్జార్, గర్హూద్ వంతెన, రెండు గేట్లు తగులుతాయి. రద్దీలో పోయి రద్దీలో వస్తే రోజుకు 24 దిర్హాములు, మన డబ్బు ఐదొందలు దాటుతుంది. నువ్వు కేకలేసిందాంట్లో తప్పులేదు.

కానీ నేనట్ల కట్టడం లేదు. పొద్దున 5:30కే బయల్దేరి ఆరు కొట్టేలోపల రెండూ దాటేస్తా. ఆఫీసు కాడ సీటు వెనక్కి వాల్చి గంట కునుకు తీస్తా. నా మాదిరోళ్ళు ఎంతమందో! సాయంత్రం మటుకు కడతా. డబ్బు మిగుల్చుకునేవాడు ముందో వెనకో జరుగుతాడు, తొందరున్నోడు కట్టి పోతాడు, అందరూ ఒకే గంటలో రోడ్డెక్కరు. రద్దీ వేళ రేటు పెంచడంలో కిటుకు అదే. నిద్ర చెడగొట్టుకునేది మాత్రం మా చిన్న జీతగాళ్ళమే, అది ఒప్పుకుంటా.

టోల్ లేని రోడ్డూ ఉంది, కొంచెం చుట్టు. మొదటి నెలంతా దాంట్లోనే వచ్చా. గంటన్నర, ఒక్కోరోజు రెండు గంటలు. లారీల ఎర్రలైట్లు చూస్తా బ్రేకు తొక్కి తొక్కి పిక్క పట్టేసేది. వండుకునే ఓపిక లేక బ్రెడ్డు తిని పడుకునేవాణ్ణి. ఇప్పుడు ముక్కాలు గంటలో రూముకొచ్చి పప్పు, అన్నం వండుకుంటున్నా. అమ్మకు చెప్పు.

ఇంకోటి నాయనా. అమ్మకు ఆయాసమొచ్చిన రోజు కడప ఏడు రోడ్ల కాడ ఆటో ఇరుక్కుపోయింది గుర్తుందా? నువ్వు దిగి బైకులోళ్ళకు దండాలు పెడుతున్నావు. అమ్మ నా చొక్కా పట్టుకుంది, గుండీ ఊడి ఆమె పిడికిట్లోనే ఉండిపోయింది. ఇరవై నిమిషాలు. ఆ పొద్దు ఎవడైనా ఐదొందలడిగి దారిస్తే ఇచ్చేవాడివి కాదా?

కోపంగా రాశాననుకోవద్దు.

తమ్ముడు బొలేరో తీసేముందు ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకోమను, పోయినసారి మాదిరి రెట్టింపు కట్టొద్దు. పిల్లోడు తిరిగొచ్చేటప్పుడు గువ్వలచెరువు పాలకోవా, అమ్మ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ పంపండి. మూత గట్టిగా కట్టమను, కిందటిసారి బట్టలన్నీ నూనె.

నీ పెద్దోడు