తప్పు మీ చేతివాసిది కాదు

గత వానాకాలంలో మా దగ్గర కాక్టస్ మొక్కలు కొన్నవారందరికీ క్షమాపణ చెప్పుకోవాలి. దసరా వెళ్లాక మీలో చాలామంది ఖాళీ కుండీలతో వచ్చారు. "మా చేతివాసి మంచిది కాదండీ, ముళ్ల మొక్క కూడా బతకలేదు" అన్నారు. అప్పుడు నేను ఓదార్చి పంపించాను, నిజం చెప్పలేదు. తప్పు మాది.

ఆ మొక్కలు పలచని ప్లాస్టిక్ కుండీల్లో, ఉత్త కొబ్బరిపొట్టులో పెరిగి వచ్చాయి. లారీలో బరువు తగ్గుతుందని అలా పంపుతారు. మట్టి మార్చకుండా వాటినే అమ్మాను. పైగా "వారానికి ఒక గ్లాసు నీళ్లు" అని చీటీ కట్టాను. మన పర్లాకిమిడిలో జూన్ నుంచి అక్టోబరు దాకా ఉతికిన బట్టలే ఇంట్లో రెండు రోజులకు గాని ఆరవు. కొబ్బరిపొట్టు ఆరకముందే మీరు నా మాట నమ్మి మరో గ్లాసు పోశారు. గాలి ఆడక వేళ్లు కుళ్లాయి. కాండంలో దాచుకున్న నీటితో మొక్క కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది. మొదలు మెత్తబడి గోధుమరంగుకు తిరిగేసరికి లోపల అంతా అయిపోయి ఉంటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. కొన్నింటి మీద ఉన్న ఎర్ర, పసుపు పూలు జిగురుతో అతికించిన ఎండుపూలు. నాకు తెలిసే అమ్మాను. ఇకమీదట అలాంటివి తెప్పించను. ఎర్రబంతిలా ఉండే కాక్టస్‌కు ఆకుపచ్చదనం ఉండదు, కింద అంటుకట్టిన పచ్చకాండమే దాన్ని పోషిస్తుంది. ఎక్కువ ఏళ్లు ఉండకపోవచ్చని కొనేముందే చెబుతాం.

ఇప్పుడు ప్రతి మొక్కనూ అడుగున చిల్లి ఉన్న మట్టికుండీలోకి మారుస్తున్నాం. తోటమట్టి ఒక వంతు, కడిగిన ముతక ఏటి ఇసుక ఒక వంతు, చితక్కొట్టిన ఇటుక ముక్కలు ఒక వంతు కలుపుతున్నాం. అందువల్ల 90 రూపాయల మొక్క 140 అయింది.

ఆ పాత చీటీ పారేయండి. కాలిపోయిన అగరుబత్తి పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. తడి గాని మట్టి గాని అంటితే నీళ్లు వద్దు. పొడిగా వస్తే అడుగు చిల్లి నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయండి. వానల్లో నెల దాకా అవసరం రాకపోవచ్చు. కొస సన్నగా, పాలిపోయి సాగుతుంటే వెలుతురు చాలడం లేదని అర్థం. కిటికీ దగ్గరకు జరపండి, కానీ ఒక్కసారిగా మే ఎండలో పెడితే కాలి మచ్చలు పడతాయి.

ముళ్ల మొక్క ఇంట్లో ఉండకూడదని పెద్దలు అంటే వారిని నొప్పించి కొనకండి. అలాంటి ఇళ్లకు నేనూ ఒత్తిడి చేసి అమ్మను.

ఈ ఏడాది జూన్ నుంచి అక్టోబరు చివరిదాకా కాక్టస్ అమ్మకాలు ఆపేస్తున్నాం. గత ఏడాది మొక్క పోయినవారు మే నెలాఖరులోగా ఖాళీ కుండీ తెస్తే చాలు, రసీదు అడగకుండా కొత్త మొక్క ఇస్తాం. మొదలు మెత్తబడినా కొస గట్టిగా ఉంటే ఆ మొక్కనే తీసుకురండి. కుళ్లు కనిపించనంత పైకి కోసి, పది రోజులు నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో మళ్లీ నాటి ఇస్తాం. దానికి డబ్బు తీసుకోం.