రాజుగాడి బోటులో

విశాఖపట్నం,
ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

ఒరేయ్ చంటీ,

ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ, మీటింగుల మధ్యలో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ వింటే నాకు తృప్తి ఉండదు. అందుకే కాగితం తీశాను. నిన్న రాజుగాడితో కలిసి సముద్రంలోకి వేటకి వెళ్ళొచ్చానురా.

రాజుగాడు గుర్తున్నాడు కదా? పెదజాలారిపేట నుంచి నడిచి వచ్చేవాడు, మన వెనక బెంచీ. లెక్కల మేష్టారు లేపి ఏమడిగినా నోరు విప్పేవాడు కాదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి వాళ్ళ నాన్నతో వేటకి పోయాడు. ఆ రాజుగాడు సముద్రం మీద ఎలా ఉంటాడో నువ్వొకసారి చూడాలి. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

తెల్లవారుజామున మూడింటికి పేట ఒడ్డుకి రమ్మన్నాడు. వాడు, వాళ్ళ చిన్నాన్న, చిన్నాన్న కొడుకు, నేను. మన చిన్నప్పుడు ఆ ఒడ్డు నిండా దుంగలు కట్టిన తెప్పలుండేవి, వాటి మీదెక్కి ఆడుకునేవాళ్ళం. ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లే, వెనకాల ఇంజను. చిన్నాన్న కొబ్బరికాయ కొట్టి, బోటు ముక్కుకి పసుపు రాసి, గంగమ్మకి దండం పెట్టాడు. లైఫ్ జాకెట్ వేసుకుంటే గానీ నన్ను ఎక్కనివ్వలేదు.

ఒడ్డు దాటడమే అసలు కష్టమట. లోపల సముద్రం ఎంత నెమ్మదిగా ఉన్నా, కెరటాలు విరిగే చోటే బోటు తిరగబడేది. చిన్నాన్న మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, బోటు అంచు పట్టుకుని, చీకట్లోకి చూస్తూ ఉండిపోయాడు. పెద్ద కెరటాలు వరసగా వచ్చి పోతున్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు. ఉన్నట్టుండి "ఎయ్!" అని ఒక్క కేక. అందరూ తోశారు, ఎగిరి ఎక్కారు, నన్ను చొక్కా పట్టుకుని లోపలికి లాగారు. తర్వాతి కెరటం లేచేసరికి మేము దాని మీదుగా దాటేశాం. ఆ కెరటానికీ ఈ కెరటానికీ మధ్య సందు ఆయనకి చీకట్లో ఎలా కనబడింది? అడిగితే "కనబడదు బాబూ, ఇనబడతాది" అన్నాడు.

ఆ వేళప్పుడు కొండగాలి వీస్తుంది, నేల మీద నుంచి సముద్రం వైపు. రాత్రంతా నేల చల్లబడితే గాలి అటు పోతుంది, మధ్యాహ్నం నేల వేడెక్కాక తిరిగి ఒడ్డు వైపు వస్తుంది. తెరచాపల రోజుల్లో పోవడం, రావడం అంతా ఆ రెండు గాలుల మీదేనట. ఇంజనున్నా, వాళ్ళు బయల్దేరే వేళ మాత్రం మారలేదు.

పోర్టులోకి వెళ్ళడానికి లంగరేసి ఎదురుచూస్తున్న ఓడల పక్క నుంచి వెళ్ళాం. ఒడ్డు మీద నుంచి చూస్తే దీపాలు మిణుకుమంటాయి కదా, అవే. కింద నుంచి చూస్తే ఒక్కోటీ ఇనప గోడ. వాటి దీపాలు వెనకబడ్డాక ఇంక చుక్కలే.

తెల్లారుతుండగా నాకు కడుపులో తిప్పడం మొదలైంది. రెండుసార్లు వాంతి అయింది. చిన్నాన్న నా గడ్డం పట్టుకుని తల పైకెత్తి, "నీల్లకేసి సూడకు బాబూ, కొండకేసి సూడు. అది కదల్దు" అన్నాడు. ఒళ్ళు ఊగుతోందని చెవి చెబుతుంటే, బోటు కదలడం లేదని కన్ను చెబుతుంది. ఆ తగువు వల్లే తిప్పడం. దూరంగా కదలని దాన్ని చూస్తే తగువు తీరుతుంది. పావుగంటలో నిమ్మళించింది.

అలా కొండలకేసి చూస్తుంటే అప్పుడు చెప్పాడు రాజుగాడు, కొండలతో వాళ్ళకి ఎంత పని ఉందో. లోపలికి పోయేకొద్దీ ముందు ఇసక మునుగుతుంది, తర్వాత బీచ్ రోడ్డు మేడలు మునుగుతాయి, చివరికి కొండలే మిగులుతాయి. ఏ కొండ ఎంతదాకా మునిగిందో చూసి ఎంత దూరం వచ్చామో చెబుతారు. ఇది నేను ఊహించగలిగిందే. అసలు సంగతి చోటు పట్టడం.

నీళ్ళ కింద రాళ్ళున్న చోట చేప చేరుతుంది. పైనుంచి చూస్తే అక్కడా నీళ్ళే, ఇక్కడా నీళ్ళే. మరి ఒకసారి గాలం వేసిన చోటికే వారం తర్వాత మళ్ళీ ఎలా వస్తారు? ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకుంటారు. కైలాసగిరి వెనక సింహాచలం కొండ ఏ సందులోంచి కనబడుతోందో, అది ఒక గీత. బోటు ఆ గీత మీద ఉన్నంతసేపే ఆ రెండూ అలా కనబడతాయి, కాస్త పక్కకి జరిగితే విడిపోతాయి. ఇంకో దిక్కున ఇంకో జత, డాల్ఫిన్ నోస్ కొండ వైపు. అది రెండో గీత. రెండు గీతలూ ఎక్కడ కలిస్తే అదే చోటు. జ్యామితి కాకపోతే మరేమిట్రా ఇది! తొమ్మిదో తరగతిలో నోరు విప్పని వాడు ఈ గీతలు తలలో ఎన్ని దాచుకున్నాడో. వాళ్ళ తాత వాళ్ళ నాన్నకి, వాళ్ళ నాన్న వీడికి చెప్పినవి, ఎక్కడా రాసి పెట్టనివి. రెండో జత ఏమిటో మాత్రం నీకూ రాయను, చిన్నాన్నకి మాటిచ్చాను. అది ఆ ఇంటి ఆస్తి.

జీపీఎస్ లేదా అంటే ఉంది, రాజుగాడి దగ్గర చిన్న డబ్బా ఉంది. చోటుకి చేరాక చిన్నాన్న కొండలు చూసి "ఇంకాస్త ఎడమకి" అన్నాడు, వాడు డబ్బాలో చూసి తల ఊపాడు. ఇద్దరిదీ ఒకటే మాట.

నీకు ఇష్టమైన కబురు ఒకటి. చేప ఎక్కడ దొరకొచ్చో రోజూ తెలుగులో వీళ్ళకి సూచనలు వస్తాయి కదా, ఫలానా ఒడ్డు నుంచి ఫలానా దిక్కున, ఇంత దూరంలో, ఇంత లోతులో అని. అవి వచ్చేది ఎక్కడి నుంచో తెలుసా? మీ హైదరాబాదులో, నిజాంపేట పక్కన ప్రగతినగర్ నుంచి! ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం అక్కడుంది, 1999లో పెట్టారు. నువ్వు రోజూ ఆ దారిలోనే పోతావేమో. ఉపగ్రహాలు సముద్రం పై నీటి వేడినీ, రంగునీ కొలుస్తాయి. చల్లటి నీరు కింద నుంచి పైకి వచ్చిన చోట కంటికి కనబడని నాచు పెరుగుతుంది, దాన్ని తినే చిన్నవి చేరతాయి, వాటి వెనక కవళ్ళు, కానాగడతలు, వాటి కోసం పెద్ద చేపలు. రాజుగాడు ఆ కబురు చూస్తాడు, చిన్నాన్న పిట్టల్ని చూస్తాడు. పిట్టలు గుంపుగా నీళ్ళలోకి దూకుతున్నాయంటే కింద చిన్న చేపల్ని ఏదో పెద్దది తరుముతోందన్నమాట.

పొద్దు పొడిచే వేళ కోనాం చేప కోసం బోటు వెనక తాళ్ళు వదిలి నెమ్మదిగా నడిపారు. గాలానికి దగ్గర్లో నైలాన్ తాడుండదు, సన్నటి స్టీలు తీగ ఉంటుంది. కోనాం పళ్ళు కత్తెరల్లాంటివి, నైలాన్‌ని ఒక్క కొరుకులో తెంపేస్తుంది. రెండు పడ్డాయి. వెండిలా మెరుస్తూ, పక్కల మీద సన్న చారలతో, ఎంత అందంగా ఉన్నాయో! మార్కెట్లో చూసేది ఆ రంగు కాదు. బోటులో పడ్డ కాసేపటికే ఆ మెరుపు పోతుంది.

తొమ్మిదైనప్పుడు ఇంజను ఆపేసి అన్నం తిన్నాం. చద్దన్నం, పచ్చి ఉల్లిపాయ, వేయించిన ఎండు నెత్తళ్ళు. అంత ఆకలి నాకెప్పుడూ వేయలేదు.

తర్వాత రెక్కసూర, అంటే పసుపు రెక్కల ట్యూనా చేప కోసం చేతి తాళ్ళు వేశారు. మన దగ్గర సముద్రం ఒడ్డుకి దగ్గర్లోనే లోతు దిగిపోతుంది, అందుకే చిన్న బోటుతో కూడా సూర తిరిగే చోటికి పోవచ్చు. రాజుగాడు వేళ్ళకి సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కున్నాడు. కానాగడతని గాలానికి గుచ్చి వదిలాడు. బారలు లెక్కపెడుతూ తాడు విడుస్తున్నాడు, రెండు చేతులూ చాపితే ఒక బార. తాడు ఏటవాలుగా పోతుంటే చూపించి, "నీరు ఉత్తరానికి తిరిగిందిరా" అన్నాడు. సంక్రాంతి ముందు దాకా దక్షిణానికి పారుతుందట, ఈ నెలల్లో ఇటు మళ్ళుతుంది.

ఇక్కడే చూడాలి వాడిని. తాడు చూపుడు వేలి మీద వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నేను నిద్రపోతున్నాడనుకున్నాను. "ఏదో చిన్నది, ఎర కొరుకుతోంది" అన్నాడు. కాసేపటికి "పోయింది" అన్నాడు. ఆ తాడు నా వేలి మీద కూడా పెట్టాడు. నాకు కెరటం ఊపు తప్ప ఏమీ తెలియలేదురా. వాడికి మాత్రం డెబ్భై బారల కింద జరిగేదంతా ఆ వేలికి తెలుస్తోంది.

ఒక్కసారిగా తాడు సర్రున దూసుకుపోయింది. రాజుగాడు లాగలేదు, వదిలాడు. తడి తాడు బోటు అంచు మీద కూస్తోంది. చిన్నాన్న కొడుకు దాని మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. అది ఆగినప్పుడు వీడు లాగాడు, అది లాగినప్పుడు వీడు వదిలాడు. అరగంట దాటింది. వాడి మెడ మీద నరాలు తేలాయి గానీ ముఖంలో కోపం, కంగారు ఏవీ లేవు. చివర్లో నీళ్ళ కింద గుండ్రంగా తిరుగుతూ పైకి వచ్చింది, పసుపు రెక్కలు ముందు కనబడ్డాయి. చిన్నాన్న కొక్కెం వేసి లాగాడు. ఇరవై కిలోల పైనే.

దాని మీద చెయ్యి వేశాను. వేడిగా ఉందిరా చంటీ! చేప అంటే చల్లగా ఉంటుందనే కదా మనకి తెలుసు. సూర అలా కాదు, ఒంట్లో వేడిని నిలుపుకుంటుంది, పెనుగులాటలో కండ ఇంకా వేడెక్కుతుంది. అందుకే దానికి అంత వేగం. అందుకే త్వరగా పాడవుతుంది కూడా. చిన్నాన్న క్షణం ఆలస్యం చెయ్యలేదు, రక్తం తీసి, పేగులు తీసేసి, కడుపులో కూడా ఐసు కూరాడు. ఐసు తక్కువైతే ఆ మాంసంలో విషం పుడుతుంది, వండినా పోదు. పొద్దున్నే అంత ఐసు ఎందుకు మోశారో నాకప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం ఒడ్డుకి వచ్చేసరికి రాజుగాడి అమ్మ, మిగతా ఆడవాళ్ళు వేలంపాటకి సిద్ధంగా ఉన్నారు. అమ్మకం వాళ్ళ చేతిలోనే. రాజుగాడి అమ్మ వేలం పాడుతుంటే వ్యాపారులు మాట తడబడ్డారు, అంత గట్టిగా నిలబడింది. మనవాళ్ళు ఇళ్ళల్లో సూర పెద్దగా తినరు, అది ఐసులో కేరళ పోతుంది. పెట్రోలు, ఐసు ఖర్చు తీసేసి మిగిలింది వాటాలు వేశారు: బోటుకి, ఇంజనుకి, మనుషులకి. రాజుగాడి చేతికి వచ్చింది చూస్తే నాకు మనసు చివుక్కుమంది. "ఇది మంచి రోజేరా" అన్నాడు వాడు. ఏమీ పడకుండా పెట్రోలు అప్పు మిగిలే రోజులే ఎక్కువట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వీళ్ళ పాత బోటు, వలలు పోయాయి. ఆ బాకీ తీరడానికి ఏళ్ళు పట్టింది. చేపల బజార్లో పది రూపాయలు తగ్గించమని నేను ఇంక అడగలేను.

రాత్రి వాళ్ళింట్లోనే భోజనం. కోనాం పులుసు, చింతపండు బాగా దట్టించి. నీకోసం అమ్మ అడిగింది, "ఆ సన్నగా ఉండే పిల్లోడు ఎక్కడున్నాడు" అని.

కాబట్టి రావాలి నువ్వు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ తర్వాత వానగాలులు, కొత్తవాళ్ళని ఎక్కించరు. మార్చిలో ఏ శనివారమైనా సరే, శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున దిగుతావు, ఆ రోజంతా పడుకో, ఆదివారం తెల్లవారుజామున వెళదాం. టోపీ, పొడుగు చేతుల చొక్కా తెచ్చుకో. బూట్లు వద్దు, బోటులో ఉత్త కాళ్ళే. సెలవు సంగతి కనుక్కుని ఈ వారంలోనే చెప్పు, రాజుగాడు ఇంకెవరికీ మాటివ్వకుండా ఉంటాడు.

మీ అమ్మగారికి నా నమస్కారాలు. మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకి ముద్దులు.

నీ
బాబ్జీ