చోడికి ఎరువు అక్కర్లేదని ఎవరు చెప్పారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ విశాఖ పేజీలో చిరుధాన్యాల ప్రదర్శన వార్త వేశారు. చోళ్లు (రాగులు), సామలు, కొర్రలు ఎరువు లేకుండానే పండుతాయని, రైతులంతా వాటికి మారితే యూరియా గొడవే ఉండదని ఒక అధికారి అన్నట్టు రాశారు. కలుపు పనుల హడావిడిలో వెంటనే రాయడం కుదరలేదు. కానీ ఆ మాట చదివి ఊరుకోబుద్ధి కాలేదు.

చోడి మొండి పంట, నిజమే. వాన వెనకపడినా తట్టుకుంటుంది. అంతమాత్రాన దానికి తిండి అక్కర్లేదంటే ఎలా? వ్యవసాయ శాస్త్రవేత్తల సిఫార్సు చూసినా చోడికి హెక్టారుకు 60 కిలోల నత్రజని కావాలి, అంటే ఎకరాకు 24 కిలోలు. అందులో సగం నాటేటప్పుడు, మిగతా సగం నెల రోజులకు వేయాలి. భాస్వరం మొత్తం దుక్కిలోనే పడాలి. బస్తాల లెక్కలో ఎకరాకు అర బస్తా డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు), ఒక యూరియా బస్తా, కొంచెం పొటాష్. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు ఉంటుంది కాబట్టి డీఏపీలో వచ్చేదాంతో కలిపి లెక్క సరిపోతుంది. మేం అడిగేది ఇంతే. అంతకు మించి వేస్తే చేను పడిపోతుంది, అగ్గితెగులు ఎక్కువవుతుంది. ఆ సంగతి చోడి పండించేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

అయితే ఆ కొంచెం ఎరువూ అదనుకు పడాలి. రెండో దఫా యూరియాకు ముందు కలుపు తీసి ఉండాలి, నేలలో పదును ఉండాలి. పొడి నేల మీద చల్లితే మొక్కకు అందదు. చల్లిన వెంటనే జడివాన కొడితే మా ఎర్ర గరప నేలల్లో ఏమీ నిలవదు, గెడ్డ పాలవుతుంది. అన్నీ కుదిరే అదను రెండు మూడు రోజులకు మించి ఉండదు. అది తప్పిందంటే చేలోకి వెళ్లి చూడండి, మొక్క అడుగు ఆకులు కొసల నుంచి పసుపెక్కుతూ కనిపిస్తాయి. పిలకలు రావు. వెన్ను వేస్తుంది గానీ కంకిలో వేళ్లలా విచ్చుకునే రెమ్మలు పొట్టిగా, గింజ తాలుగా ఉంటుంది. ఆ తర్వాత ఎన్ని బస్తాలు తెచ్చి పోసినా లాభం లేదు.

ఆ అధికారి మాట పేపర్లో చదివి వదిలేసేదైతే నేనీ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. అదే మాట కింద దాకా వచ్చి మా బస్తా దగ్గర అడ్డం పడుతోంది. రైతు సేవా కేంద్రంలో యూరియా లోడు దిగిన రోజు లైన్లో నిలబడితే ముందు అడిగేది "వరి ఎన్ని ఎకరాలు?" అని. చోడి అంటే పక్కన నిలబడమంటారు. వరి రైతులకు ఇచ్చాక మిగిలితే చూస్తామంటారు, మిగలదు. ఈ-క్రాప్‌లో అంటే ప్రభుత్వ పంటల నమోదులో మా సర్వే నంబరు ఎదురుగా చోడి అని నమోదు చేసిందీ వాళ్లే కదా! ఆధార్ తీసుకుంటారు, వేలిముద్ర తీసుకుంటారు, పంట పేరు చూసి వెనక్కి పంపిస్తారు.

ప్రైవేటు షాపుకు పోతే అక్కడ ఇంకో బాధ. 266 రూపాయల యూరియా బస్తా కావాలంటే పురుగుమందు గుళికలో, జింకో, నానో యూరియా (ద్రవ రూపంలో వచ్చే యూరియా) సీసానో కొనాల్సిందే. ఇలా లింకు పెట్టి అమ్మకూడదని ప్రభుత్వమే చెబుతుంది, చర్య మాత్రం మా కంటికి కనపడదు. సీసా ఒకటి బస్తాతో సమానమని ప్రచారం చేశారు. మొదట వచ్చిన అర లీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. తర్వాత 20 శాతం ఉన్నది తెచ్చారు, అదైనా 100 గ్రాములే. 20 కిలోలెక్కడ, 100 గ్రాములెక్కడ? ఆకు మీద కొట్టుకోవడానికి పనికొస్తుందేమో, పిలక దశలో బస్తా చేసే పని అది చేయదు.

ఓడల్లో ఎరువు దిగే ఊరు మనది, ఎరువుల ఫ్యాక్టరీ ఉన్న ఊరు మనది. ఆ లారీలు మా రోడ్ల మీదుగానే పోతుంటాయి. పద్మనాభం, ఆనందపురం మండలాల్లో మాత్రం బస్తా కోసం తెల్లవారుజామున లేచి లైన్లో చెప్పులు పెట్టాల్సి వస్తోంది. 2022లో జిల్లా విడగొట్టాక విశాఖ అంటే నగరమే అనుకుంటున్నారు. ఇక్కడ ఇంకా సేద్యం చేసేవాళ్లున్నారని, మిగిలిన పొలమంతా లేఅవుట్లు కాలేదని ఆఫీసుల్లో గుర్తున్నట్టు లేదు. వెనకటికి వ్యవసాయ శాఖ వాళ్లు చేలోకి దిగి ఆకు పట్టుకుని చూసి చెప్పేవారు. ఇప్పుడు ఫోన్లో ఫొటోలు, యాప్‌లో ఎంట్రీలతోనే వాళ్లకు పొద్దుపోతోంది. భూసార పరీక్ష కార్డులు 2015 నుంచీ ఇస్తున్నారు. కార్డులో రాసిన మోతాదు ప్రకారం ఎరువు కావాలని అడిగితే మాత్రం దొరకదు.

గెత్తం (పశువుల ఎరువు) వేసుకోండని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వేస్తున్నాం, దొరికినంత. కానీ పశువులున్న ఇళ్లు ఊళ్లో ఎన్ని మిగిలాయి? చోడికి 2025-26లో మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు ప్రకటించారు, సంతోషం. గింజ నిండితేనే కదా ఆ ధర మా చేతికి వచ్చేది! బీచ్ రోడ్డులో పొద్దున్నే చోడి అంబలి తాగి ఆరోగ్యమని మెచ్చుకునే పెద్దలు ఆ చోడి ఎలా పండుతుందో కూడా ఒకసారి కనుక్కోవాలి.

మా మండలాలకు వచ్చే యూరియాలో చోడి, గంటి (సజ్జ), సామ వేసిన రైతుల వాటా ఈ-క్రాప్ లెక్క ప్రకారం విడిగా తీసిపెట్టాలి. ఆ వాటా ఎంతో, ఎప్పుడు ఇస్తారో రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాయాలి. మా చేలల్లో రెండో దఫా వేసే సమయం దగ్గరపడింది. వచ్చే లోడు నుంచే ఇది మొదలుపెట్టాలని జిల్లా వ్యవసాయ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- ఒక చోడి రైతు,
పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా