కోలుకునే రోజులకు కూలి ఎవరిస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ ఆరోగ్యం పేజీలో భుజం ఆపరేషన్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. మంచి వ్యాసమే, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు కూడా అర్థమయ్యేలా రాశారు. కానీ చివర్లో, చాలామంది నిర్లక్ష్యంతో తొందరపడి పనిలోకి వెళ్లి కుట్టు తెగగొట్టుకుంటున్నారని రాసిన చోట నాకు బాధేసింది. నేను వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణంలో, గుమస్తాను. పొద్దున లేస్తే హమాలీల మధ్యే నా పని. భుజం పట్టేసినవాళ్లను, చెయ్యి పైకి లేవనివాళ్లను రోజూ చూస్తుంటాను. వాళ్లలో ఒక్కరు కూడా నిర్లక్ష్యంగా పనికి రాలేదు, ఇంట్లో గడవక వచ్చారు. మిర్చి సీజన్ దగ్గర పడింది కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలని రాస్తున్నాను.

మా అక్క భర్త ఇదే మార్కెట్‌లో హమాలీ. ఇరవై ఏళ్లకు పైగా బస్తాలు మోశాడు. మిర్చి బస్తా అంటే 40 కిలోల పైమాటే, దాన్ని నేల మీంచి లేపడం ఒక ఎత్తైతే లారీలో పై వరుసకు ఎక్కించడం ఇంకో ఎత్తు, అక్కడ చేతులు తల పైకి పోవాలి, భుజం దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. మొదట రాత్రిపూట నొప్పి, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం, తర్వాత దువ్వెన పట్టుకోవడానికి కూడా చెయ్యి లేవకపోవడం. స్కాన్ తీస్తే లోపల టెండాన్, అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నార, తెగిందన్నారు. నిరుడు దీపావళి తర్వాత అప్పు చేసి హన్మకొండలో ఆపరేషన్ చేయించాం.

బావతో ఫిజియోథెరపీకి తోడు వెళ్లేవాణ్ణి. అక్కడి మేడం ఓపిగ్గా చెప్పిన విషయాలు మీ వ్యాసంలో అంత వివరంగా లేవు కాబట్టి రాస్తున్నాను. భుజం కీలులో చేతి ఎముక కూర్చునే గిన్నె లోతు చాలా తక్కువ. నాలుగు కండరాల టెండాన్లు చుట్టూ పట్టుకుని ఉండబట్టే చెయ్యి కీలులోంచి జారకుండా అన్ని వైపులకూ తిరుగుతుంది, దాన్నే రొటేటర్ కఫ్ అంటారు. ఆపరేషన్‌లో చేసేది ఎముకలోకి చిన్న యాంకర్లు దింపి, తెగిన కొసను దారాలతో ఎముకకు కట్టడం వరకే. అది మళ్లీ ఎముకకు అతుక్కోవాల్సింది శరీరం చేసే పని, దానికి నెలలు పడుతుంది. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి కదలకుండా పట్టి ఉంచే బెల్టు ఉండాలి, ఆ సమయంలో చెయ్యిని వేరేవాళ్లు కదపాలే తప్ప తనంత తాను ఎత్తకూడదు. బెల్టు తీశాక మెల్లగా సొంతంగా ఎత్తడం. మూడు నెలల దగ్గర బలం పెంచే వ్యాయామాలు మొదలవుతాయి. బస్తాలు మోసే పనికైతే ఆరు నెలలు, తెగింది పెద్దదైతే ఇంకా ఎక్కువే ఆగాలి. షుగర్ ఉన్నవాళ్లకు, బీడీ సిగరెట్ తాగేవాళ్లకు అతుక్కోవడం ఇంకా ఆలస్యమవుతుంది. అలాగని భయపడి చెయ్యి అసలు కదపకుండా ఉంచినా కీలు బిగుసుకుపోతుంది.

ఇందులో మనిషిని మోసం చేసేది నొప్పి. నొప్పి ముందే తగ్గిపోతుంది, అతుకు మాత్రం ఇంకా గట్టిపడదు. రెండు నెలలు దాటేసరికి చెయ్యి తేలికగా అనిపిస్తుంది, అన్నం కలుపుకుంటాడు, చొక్కా తొడుక్కుంటాడు, చూసేవాళ్లు కూడా బాగైందనుకుంటారు. సరిగ్గా ఆ రోజుల్లో బరువెత్తితే, నాటిన నారు వేరు పట్టకముందే పట్టి లాగినట్టే.

బావకు అదే జరిగింది. మా దగ్గర హమాలీకి నెల జీతం ఉండదు. ముఠాగా పని చేస్తారు, ఎత్తిన బస్తాల లెక్కన వచ్చిన డబ్బు పంచుకుంటారు. రానివాడికి వాటా లేదు. అయినా బావ ముఠా వాళ్లు మంచివాళ్లు, కొన్నాళ్లు సగం వాటా ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఆయన్ను ఇంట్లో కూర్చోనివ్వనిది కూడా ఆ సగం వాటానే. వాళ్లు నడుము వంచి సంపాదించింది నేను మంచంలో ఉండి ఎట్ల తినాలె అనేవాడు. అక్క ఎంతో చెప్పింది, "పైసలు మళ్లొస్తయ్, చెయ్యి మళ్లొస్తదా" అని. అప్పిచ్చినతను సంక్రాంతికి వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. మార్కెట్‌కు మిర్చి రావడం మొదలైంది, ఏడాది మొత్తంలో హమాలీకి నాలుగు పైసలు కనిపించేది ఆ మూడు నాలుగు నెలలే. బావ బయల్దేరాడు. కొన్ని రోజులు కింద బస్తాలు జరపడం లాంటివి చేశాడు, తర్వాత ఒక సాయంత్రం లారీ మీదికి మనిషి తక్కువైతే తానే చెయ్యి వేశాడు. మళ్లీ తెగింది. రెండోసారి కుడితే మొదటిసారి అంత ఫలితం ఉండదని డాక్టరే చెప్పారు. ఇప్పుడు ఆ చెయ్యి భుజం ఎత్తు దాకానే లేస్తుంది. యాభై ఏళ్లు కూడా నిండని మనిషి.

ఇందులో తప్పు ఎవరిదని అడిగితే నేను బావను అనలేను, డాక్టర్‌నూ అనలేను. వైద్యంలో సగం ఆపరేషన్, మిగతా సగం విశ్రాంతి. మొదటి సగానికి ప్రభుత్వం పథకం పెట్టింది, రెండో సగాన్ని కూలివాడి నెత్తిన వదిలేసింది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు, అది చాలా మంచి పని, దాంతో ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. కానీ ఆ డబ్బు ఆస్పత్రికి పోతుంది. డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన మనిషికి ఆ నెలల్లో బియ్యం, పిల్లల ఫీజు, వడ్డీ, ఫిజియోథెరపీకి పోయొచ్చే ఖర్చు ఎక్కడి నుంచి రావాలి? పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని మొదలుపెట్టారు, ఆపరేషన్ తర్వాత డాక్టర్ చెప్పిన విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేల దాకా అప్పట్లో ఇచ్చేవారు. చిన్న మొత్తమే, కానీ ఇంటికి బియ్యం, కూరగాయలు వస్తాయి, కూర్చొని తింటున్నానన్న బాధ కొంతైనా తగ్గుతుంది. అలాంటి సాయం మనకూ కావాలి.

ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో చేసేవాళ్లకు ఈఎస్ఐ, అంటే కార్మిక రాజ్య బీమా, ఉంది. నెలకు 21 వేల లోపు జీతం ఉండి, చందా కడుతున్నవాళ్లకు జబ్బు సెలవులో జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా నగదు వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే 90 శాతం, అది పని చేయలేనన్ని రోజులూ. ఈ సంగతి చాలామందికి తెలియదు, ఈఎస్ఐ అంటే మందులిచ్చే చోటు అనే అనుకుంటారు. మా బంధువుల్లో రైస్ మిల్లులో చేసే ఒకతను భుజం ఆపరేషన్ అయ్యాక జీతం లేని సెలవు పెట్టుకున్నాడు, తన జీతంలో ప్రతి నెలా ఈఎస్ఐకి కట్ అవుతున్నా అడగాలని తెలియలేదు. కాబట్టి చదివేవాళ్లకు నా మనవి: మీ జీతం చీటీలో ఈఎస్ఐ కట్ అవుతుంటే డిస్పెన్సరీ డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి, పనిలో దెబ్బ తగిలితే యాజమాన్యం ప్రమాద రిపోర్టు పంపేదాకా వదలొద్దు. అయితే 91 రోజులు కూడా బరువు పని చేసేవాడికి చాలవు, పైన చెప్పిన లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. ఇక హమాలీ ఎవరి దగ్గరా ఉద్యోగి కాడు కాబట్టి అతనికి ఈ ఈఎస్ఐ కూడా లేదు. మార్కెట్ కమిటీ లైసెన్సు ఉంటుంది, రైతు బిల్లులో హమాలీ ఖర్చు ఉంటుంది, అడ్తిదారు ఉంటాడు, ఖరీదుదారు ఉంటాడు, భుజం పోతే మాత్రం అతనొక్కడే.

మార్కెట్ కమిటీ, అడ్తి సంఘం, హమాలీ సంఘాలు కూర్చుంటే ఈ సీజన్‌కే కొంత చేయొచ్చని నా నమ్మకం. బస్తాకు ఇంత అని చిన్న మొత్తం పక్కన పెట్టి ఆపరేషన్ అయినవాళ్లకు నెల నెలా ఇవ్వొచ్చు, అది రైతు మీద కాకుండా సరుకు కొనేవాళ్ల మీద పడాలి. బెల్టు తీసిన తర్వాత బరువు లేని పని ఇవ్వొచ్చు: కాంటా దగ్గర లెక్క చూడడం, చీటీలు రాయడం, రాత్రి సరుకు కాపలా. మా దుకాణంలోనే అలాంటి పనులకు సీజన్‌లో మనుషులు దొరకరు. మా సేటుతో ఈ మాట అన్నాను, సరే చూద్దామన్నాడు. డాక్టర్లకూ ఒక మనవి ఉంది. డిశ్చార్జ్ కాగితం మీద పది రోజుల తర్వాత రమ్మని, బరువులెత్తొద్దని మాత్రమే ఉంటోంది. హమాలీకి బరువంటే బస్తా, నీళ్ల బిందె అతని లెక్కలో బరువే కాదు. ఏ వారం నుంచి ఎన్ని కిలోలు ఎత్తొచ్చు, తల పైకి ఎప్పుడు ఎత్తొచ్చు అని తెలుగులో నాలుగు లైన్లు రాసిస్తే ముఠాకు, సేటుకు చూపించడానికి కూడా పనికొస్తుంది.

మీ విలేకరిని ఒకసారి మార్కెట్‌కు పంపండి. పొద్దున కాంటాలు మొదలుకాక ముందు వస్తే హమాలీలు తీరిగ్గా దొరుకుతారు. ఆపరేషన్ అయినవాళ్లే కాదు, అన్ని నెలలు ఇంట్లో ఉండలేమని ఆపరేషన్ వద్దనుకుని నొప్పి గోలీలు మింగుతూ బస్తాలెత్తేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను నేను మీ విలేకరికి పరిచయం చేస్తాను.

– ఒక అడ్తి గుమస్తా, ఏనుమాముల, వరంగల్