ముగ్గురు ఇందిరలు

సంపాదకుల వారికి నమస్కారం.

తప్పకుండా చదవాల్సిన నవలలంటూ ఆ మధ్య మీ ఆదివారం పేజీలో ఒక జాబితా వేశారు. సరిగ్గా అప్పుడే నాకు మోకాలి ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వచ్చే అరగంట తప్పితే రోజంతా మంచం మీదే. టీవీ చూస్తే తలనొప్పి. మా అబ్బాయిని వేధించి ఆ జాబితాలోంచి నాలుగు పుస్తకాలు తెప్పించుకున్నాను. రెండు ఇదివరకు చదివినవే, కానీ అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఇప్పుడు అరవై రెండు.

ముందు అసమర్థుని జీవయాత్ర మొదలుపెట్టాను. తెలుగులో మనోవైజ్ఞానిక నవల అనగానే అందరూ మొదట చెప్పే పేరు అదే. గోపీచంద్ గొప్పగా రాశారు, కాదనను. కానీ కథానాయకుడు సీతారామారావుతో నాకు ఒక్క పూట కూడా పడలేదు. వంశ ప్రతిష్ఠ అంటూ ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుని, ఆ తర్వాత ఆ కసి తీసుకెళ్ళి పెళ్ళాంబిడ్డల మీద చూపించే మనిషి గురించి తత్వం మాట్లాడేముందు, ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఎవరైనా అడగాలా వద్దా? వెలిగించింది అతని భార్య ఇందిర. ఆవిడ గురించి జాబితా రాసినాయన ఒక్క వాక్యం కూడా రాయలేదు.

తర్వాత చివరకు మిగిలేది. రోజుకి పది పేజీలకన్నా చదవలేకపోయాను. విసుగొచ్చి కాదు, ఆ వచనం అలాంటిది, ఒక వాక్యం చదివి కాసేపు కిటికీలోంచి చూడాలనిపిస్తుంది. తల్లి గురించి ఊరు మాట్లాడే మాటలు కథానాయకుడు దయానిధిని జన్మంతా వెంటాడటం బుచ్చిబాబు రాసినట్టు ఇంకెవరూ రాయలేరు. మన ఊళ్ళలో ఇప్పటికీ అంతే, ఆడమనిషి మీద పడ్డ మాట ఆవిడతో పోదు, పిల్లలకి ఆస్తిలా వస్తుంది. అయినా సగం దాటాక నాకు దయానిధి మీద కోపం మొదలైంది. కోమలి, అమృతం... ఎవరి దగ్గర కూర్చున్నా ఈయనకి తన మనసు గొడవే. పెళ్ళి చేసుకున్న అమ్మాయి జబ్బు చేసి చనిపోతుంది. ఆమె పేరు కూడా ఇందిరే! అది గమనించి మంచం మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను. రెండు నవలలూ 1946, 47 ప్రాంతాల్లో వచ్చినవే, ఆ రోజుల్లో ఆ పేరు ఫ్యాషనేమో.

మూడోది రావిశాస్త్రి గారి అల్పజీవి. నాకు సుబ్బయ్య నచ్చాడు. వీడూ బలహీనుడే, ఇంకా మాట్లాడితే ఆ ఇద్దరికన్నా పిరికివాడు. ఆఫీసంటే భయం, బావమరిది అంటే భయం, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర తీసుకున్న డబ్బంటే ప్రాణాలు పోయేంత భయం. కానీ తన భయానికి తత్వం రంగు పూయడు. నేను ముప్పై మూడేళ్ళు తపాలా శాఖలో చేశాను, ఇలాంటి సుబ్బయ్యలు నా ఎదురు టేబుల్ దగ్గర కనీసం ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన అప్పులవాడు లోపలికి వస్తుంటే రికార్డు గదిలోకి వెళ్ళి, వాడు పోయేదాకా పాత రిజిస్టర్లు సర్దుతూ ఉండేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

అసలు ఈ ఉత్తరం నాలుగో పుస్తకం కోసం రాస్తున్నాను. డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు. 1957లో తెలుగు స్వతంత్ర వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ 1961లోనే, ముప్పై రెండేళ్ళు కూడా నిండకుండా పోయారు. రాసింది ఈ ఒక్క నవలే. మా విశాఖపట్నంలో నడిచే కథ, అందుకని కాస్త పక్షపాతం ఉంటే ఉండనివ్వండి. ఇందులోనూ ఇందిర ఉంది. మూడో ఇందిర.

మీ జాబితా రాసినాయన ఈ నవల గురించి నాలుగు ముక్కలు రాస్తూ ఇందిరది 'స్వార్థం' అన్నారు, ఇందులోనే ఉన్న ఇంకో అమ్మాయి కల్యాణిని 'సంస్కారవంతురాలు' అన్నారు. నిజం చెప్పొద్దూ, హాస్టల్లో చదివినప్పుడు నేనూ అదే అనుకున్నాను. మా గదిలో నలుగురం కల్యాణి పార్టీ. ఇందిర మగవాళ్ళతో చనువుగా మాట్లాడుతుంది, నవ్వుతుంది, ప్రకాశం అనే కుర్రాడు కల్యాణి వైపు చూస్తుంటే ఊరుకోదు, పైగా ఏ పనికీ ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. మాకు ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడు చదివితే నాకు వేరే మనిషి కనిపించింది. ఇల్లు నడిపేది ఆమె. తండ్రి బరువు ఆమెది, ఉద్యోగం ఆమెది, చుట్టూ ఉన్న మగాళ్ళు తూచే తూకం ఆమెకి బాగా తెలుసు. నేను చేరిన కొత్తలో మా కౌంటర్లో ఒకావిడ ఉండేది, జీతం రోజు సాయంత్రానికల్లా తమ్ముడి ఫీజు, తండ్రి మందులు, పచారీ కొట్టు బాకీ పోగా మిగిలిన దాంతో ఒక మూర మల్లెపూలు కొనుక్కునేది. ఆ పూల మీద ఆఫీసంతా వ్యాఖ్యానాలు! ఇందిరని చదువుతుంటే నాకు ఆ మల్లెపూలే గుర్తొచ్చాయి. తన కోసం ఏదైనా కావాలనుకుంటే దానికి మనం పెట్టే పేరు స్వార్థం.

ఇక ప్రకాశం. డాక్టరీ చదువుతున్న కుర్రాడు, చూడ్డానికి బుద్ధిమంతుడు. పెద్దవాళ్ళు వచ్చి కళ్ళెర్రజేయగానే ఇందిరా లేదు కల్యాణీ లేదు, మూటాముల్లె సర్దేసుకుంటాడు. శ్రీదేవి గారు అతన్ని తిట్టరు, ఆ పిరికితనానికి అలంకారాలూ తొడగరు. ఇందిర కూడా వాడి కోసం మంచమెక్కి ఏడవదు. కృష్ణమూర్తి అని ఇంకొకతను ఉన్నాడు, అతను ఎలాంటివాడో, అతనిలో లోపాలేమిటో తెలిసే అతన్ని ఎంచుకుంటుంది. ఈ నవల ఆధారంగానే 1963లో చదువుకున్న అమ్మాయిలు సినిమా వచ్చింది. సరదాగా ఉంటుంది, పాటలు బాగుంటాయి, కానీ ఈ ఇందిర కోసం వెతికితే అందులో దొరకదు.

నా గొడవ ఇదీ. సీతారామారావు ఇల్లు గుల్ల చేస్తే అది అస్తిత్వ వేదన. దయానిధి ఎవరి దగ్గరా నిలవకపోతే అది అన్వేషణ. ఇందిర తన బతుకు తాను చూసుకుంటే మాత్రం స్వభావం మంచిది కాదు. రాసినవాళ్ళని నేను అనడం లేదు, గోపీచంద్ గారు పేరులోనే అసమర్థుడని చెప్పేశారు కదా. చదివి వ్యాసాలు రాసేవాళ్ళ గురించే నా బాధంతా. పాత్ర ఆడదైతే నవలా విమర్శ కాస్తా పెళ్ళిచూపులైపోతుంది.

మధ్యలో మా చెల్లెలు తెచ్చిచ్చిన కొండపొలం కూడా చదివాను, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారిది. కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల కథ. సీమ మాటలు కొన్ని అర్థంకాక, ప్రొద్దుటూరు నుంచి వచ్చి మా వెనక వీధిలో ఉంటున్న ఒకావిడకి ఫోన్ చేసి అడిగేదాన్ని, ఆవిడ ఒక మాటకి అర్థం అడిగితే వాళ్ళ తాత కథ చెప్పేది, అదీ బాగానే ఉండేది. ఆ అడవి గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

ఒక చిన్న ఫిర్యాదు కూడా. నేను కొన్న పుస్తకాల్లో ఒకదాంట్లో, పేరు చెప్పను, అచ్చుతప్పులు లేని పేజీ లేదు. ఒకచోట ఏకంగా పేరా రెండుసార్లు పడింది, అది రచయిత శిల్పమేమో అనుకుని నేను రెండుసార్లూ శ్రద్ధగా చదివాను! పాత నవలలు మళ్ళీ వేస్తున్నందుకు సంతోషమే. అచ్చుకి ఇచ్చేముందు ఒక్కసారి ఎవరిచేతనైనా చదివించండి. మా లాంటి రిటైరైన వాళ్ళకి పంపినా చేసిపెడతాం, కాఫీ ఖర్చు కూడా అడగం.

కాలాతీత వ్యక్తులు ఇప్పుడు నా దగ్గర లేదు. మా కోడలు ఆఫీసు బస్సులో చదువుకుంటానని పట్టుకెళ్ళింది. నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ, ఈ ప్రకాశం గాడు ఇలా ఎప్పటిదాకా నానుస్తాడత్తయ్యా అని అడిగింది. నేను చెప్పలేదు.

ఇట్లు
మీ పాఠకురాలు
విశాఖపట్నం