న్యాయమూర్తి ఎప్పుడు తప్పుకోవాలి?

సంపాదకులకు నమస్కారం.

విశాఖ జిల్లా కోర్టుకు వాయిదాలకు వచ్చే కక్షిదారుల నోట నేను తరచు వినే ప్రశ్న, ‘జడ్జిగారికి అవతలివాళ్లు తెలిసినవాళ్లయితే మా గతేమిటి?’ అని. తాను కక్షిదారుగా ఉన్న, లేదా తనకు స్వప్రయోజనం ఉన్న క్రిమినల్ కేసును అప్పీలు కోర్టు అనుమతి లేకుండా ఏ న్యాయమూర్తీ విచారించరాదని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 525వ సెక్షన్ స్పష్టంగానే చెబుతోంది. చిక్కంతా అంతకన్నా సన్నని బంధాల దగ్గర వస్తుంది: పాత పరిచయం, ఎప్పుడో ఇచ్చిన సలహా, దూరపు చుట్టరికం. న్యాయమూర్తి తన మనసును కాక, ఎదుట నిలిచిన కక్షిదారు మనసును చూడాలని 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అది సైనిక న్యాయస్థానం తీర్పుపై వచ్చిన కేసే అయినా, జైలు భయంతో బోనులో నిలబడిన మనిషికి ఆ కొలమానమే ఆసరా అని నేను నమ్ముతాను. అయితే వ్యతిరేక ఉత్తర్వు వచ్చిందన్న అక్కసుతో చేసే ఆరోపణకు తలొగ్గి తప్పుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే అప్పుడు నిందితుడే తన న్యాయమూర్తిని ఎంచుకున్నట్లవుతుంది. సహేతుకమైన భయం ఉన్నవారు అదే సంహిత 447వ సెక్షన్ కింద కేసు బదిలీకి హైకోర్టును కోరవచ్చు. తప్పుకునే న్యాయమూర్తి అందుకు కారణాన్ని ఒక్క వాక్యంలోనైనా ఉత్తర్వులో రాయాలని నా విన్నపం.

– ఒక న్యాయవాది, మహారాణిపేట, విశాఖపట్నం